వానల్లోగా అమ్ముడవ్వాల్సిన కాఫీ

ఎవరైనా థాంక్స్ అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు వేల ఆరు ఎండాకాలంలో అరకులో కూర్చుని నేను అందుకున్నన్ని థాంక్సులు మీరూ అందుకుని ఉంటే మీకూ మండేది.

స్టేషను రోడ్డులో మాకో కొట్టుండేది. ముందు గదిలో మా ఆయన సాయినాథ్ కాఫీ పొడి, తేనె, కుంకుడుకాయలు అమ్మేవాడు. వెనక గదిలో మా అత్త రత్నాలు ఎండు చేపల బస్తాలు. దాని వెనక రేకుల వరండాలో మా ముగ్గురి కాపురం. మా అత్త భీమిలి నుంచి నెత్తళ్ళు, సావళ్ళు, రొయ్యపొట్టు తెప్పించి శుక్రవారం సంతలో అమ్మేది. మామ పోయాక ఆ చేపలే మా ఆయన్ని డిగ్రీ దాకా చదివించాయి. నా పెళ్ళి భోజనాలూ వాటి మీదే జరిగాయి. అందుకని ఆ ఇంట్లో చేపల మాట ఎవరూ తేలిగ్గా అనేవారు కారు.

ఆ ఏడు కొట్టు ఓనరు మాఘమాసంలో వచ్చి ఉన్నమాట చెప్పేశాడు. కొండ కింద నుంచి ఎవరో హోటలు వాళ్ళు వచ్చి బిల్డింగు మొత్తం అడుగుతున్నారట.

"మీరు పాతోళ్ళు గాబట్టి వానలు పడేదాకా ఆగుతాను. ఆలోగా అడ్వాన్సు కట్టి కొత్త అగ్రిమెంటు రాసుకున్నారా, కొట్టు మీది. నేదంటే ఆళ్ళది. తరవాత నన్ననుకోవద్దు" అన్నాడు.

అడ్వాన్సుకి మా దగ్గర ఏముంది? ఉన్నదంతా పెట్టి అప్పటికే మంగ్లు దగ్గర కాఫీ గింజలు కొనేశాం. మంగ్లుది కొండ మీద ఊరు. పండిన ఎర్ర కాయలు మాత్రమే ఏరి, కడిగి, ఎండబెట్టిన గింజలు తెచ్చిచ్చేవాడు. సరుకు బంగారంలాంటిది. అది అమ్ముడైతే కొట్టు ఉంటుంది, అమ్ముడవకపోతే ఉండదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇంకో మాట లేదు.

టూరిస్టుల్ని నమ్ముకుందామంటే వాళ్ళు రైలు దిగడం, జీపెక్కడం, సాయంత్రానికి మళ్ళీ రైలెక్కడం. మెయిళ్ళు పంపుదామన్నది నేనే. పెళ్ళికి ముందు బొబ్బిలిలో నెట్ సెంటర్లో పనిచేశాను, ఆ పొగరు కొంత ఉండేది. కొట్టుకొచ్చిన వాళ్ళకి చిన్న గ్లాసుడు కాఫీ ఊరికే ఇచ్చి, మెయిల్ ఐడీ చీటీ మీద రాసి సీసాలో వెయ్యమనేదాన్ని. సీసా నిండింది. పాత కంప్యూటరొకటి వాయిదాల మీద కొన్నాం. ఫోను వైరు తగిలిస్తే కీచుమంటూ కనెక్టయ్యేది, కరెంటు ఉంటే.

మొదటి మెయిల్లో డికాషన్ ఎలా తియ్యాలో రాశాను. నీళ్ళు సలసల మరుగుతుండగా పొడి మీద పొయ్యొద్దనీ, దించి కాస్త ఆగమనీ. తరవాతి దాంట్లో పొడి డబ్బా ఎక్కడ పెట్టాలో. ఆ పైదాంట్లో విశాఖ నుంచి వచ్చే పాసింజర్లో ఏ పక్క కూర్చుంటే బొర్రా దగ్గర లోయ బాగా కనబడుతుందో. కొనమని మాత్రం ఎక్కడా అనలేదు. సిగ్గేసింది. సంతలో చేపలమ్మే ఇంటి కోడలికి సిగ్గేమిటంటారేమో. సంతలో ఎదుటి మనిషి మొహం కనబడుతుంది. ఇక్కడ కనబడదు కదా.

జవాబులు కుప్పలుగా వచ్చాయి. సికింద్రాబాదు నుంచి పద్మనాభం గారని, రిటైరైన రైల్వే ఆఫీసరు, ప్రతి మెయిలుకీ పేజీన్నర రాసేవారు. 'అమ్మా ప్రసన్నా, నువ్వు చెప్పినట్టే డికాషన్ తీశాను. కాపురానికొచ్చాక మా ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. థాంక్స్.' పొడి ఎక్కడిదండీ అని అడిగితే వాళ్ళ వీధి చివర కొట్టులోదట.

మా ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"ఈ థాంక్సులు కాటా మీదెడితే ఎన్ని కేజీలు తూగుతాయి?" అన్నాడు.

"ముందు నమ్మకం కుదరాలి కదండీ. చూసీ చూడగానే కొనెయ్యమంటే ఎవరు కొంటారు?"

"నీ నమ్మకం కుదిరేలోపు వానలొచ్చేస్తాయి."

గుమ్మంలో కూర్చుని చేపలు బాగుచేస్తున్న మా అత్త తలెత్తింది. "ఏటే గుంటా, కంప్యూటర్లో ఉత్తినే కబుర్లు సెప్తన్నావా? మరి బేరం ఎప్పుడు సేత్తావు?"

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "అంత తెలిసినవాళ్ళు మీరే పంపండి" అని కుర్చీలోంచి లేచిపోయాను.

ఏప్రిల్ అంతా మా ఆయనే పంపాడు. ఎర్రటి అక్షరాలు, ఇంతింత లావున. అరకు ఒరిజినల్ కాఫీ, తగ్గింపు ధర, ఈరోజే ఆఖరు. మర్నాడు మళ్ళీ ఈరోజే ఆఖరు. ఆ ఆఖరు రోజు నెలంతా నడిచింది. పొద్దున్న ఒకటి, కరెంటుంటే సాయంత్రం ఇంకోటి. మొదట్లో ఒకరిద్దరు కొన్నారు. ఆ తరవాత 'నా పేరు తీసెయ్యండి' అన్నవాళ్ళే. ఒకాయనైతే 'మీ అరకు మొహం మళ్ళీ చూడను' అని రాశాడు. పద్మనాభం గారు ఏమీ రాయలేదు. తిట్టిన వాళ్ళకంటే ఆయన ఊరుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒక మధ్యాహ్నం రేకుల మీద టపటపమని మొదలైంది. మా ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచి బయటికి పరిగెత్తాడు.

"వానేనా?" అన్నాడు ఆకాశం కేసి చూస్తూ.

"మామిడి జల్లు. వాన కాదు. వచ్చి తినండి."

ఆయన రాలేదు. అరుగు మీదే కూలబడ్డాడు. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు, ఏం చెయ్యాలో తోచలేదు.

"నాకింకే పనీ రాదు ప్రసన్నా. ఈ కొట్టొకటే వచ్చు. ఇదీ పోతే మళ్ళీ అమ్మ నెత్తి మీద బస్తా ఎత్తాలి. ఆవిడ మోకాళ్ళు చూశావా?"

చూశాను. రోజూ రాత్రి నూనె రాసేది నేనే కదా. ఆ మోకాళ్ళతో సంత సంతకీ తిరిగితే ఇంకో ఏడాది కూడా నడవలేదని నాకూ తెలుసు.

మర్నాడు కుర్చీ నేను లాక్కున్నాను. ఎర్ర అక్షరాలన్నీ తీసేశాను. ముందుగా, ఇన్నాళ్ళు విసిగించినందుకు క్షమించమని అడిగాను. తరవాత పొడిలో చికోరీ కలిసిందో లేదో ఎలా చూడాలో రాశాను. గ్లాసుడు చన్నీళ్ళలో చిటికెడు పొడి వెయ్యండి, కాఫీ కాసేపు తేలుతుంది, చికోరీ వెంటనే మునిగి నీళ్ళకి రంగు దింపుతుంది, అని. చివర సిగ్గు వదిలేసి ఉన్నదున్నట్టు అడిగాను. 'మా దగ్గర ఒక్క కొండ ఊరి కాఫీ ఉంది. చికోరీ లేదు. వానల్లోగా అమ్ముడైతే మా కొట్టు నిలుస్తుంది. మీకు కాఫీ అవసరమైతే మా దగ్గర కొనండి. అవసరం లేకపోతే ఆ చన్నీళ్ళ సంగతైనా గుర్తుపెట్టుకోండి.'

సాయంత్రానికి ఆర్డర్లు మొదలయ్యాయి. మర్నాడు ఇంకా వచ్చాయి. మా ఆయన స్క్రీను మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. పేరు తీసెయ్యమన్న ఒకావిడ కూడా కొంది. పద్మనాభం గారైతే వాళ్ళ వియ్యంకులకి కూడా కలిపి రాశారు.

"ఇదీ బేరమంటే" అంది మా అత్త. "పనికొచ్చేదొకటి సెప్పినావు, ఆ నోటితోనే కొనమన్నావు. ఇన్నాళ్ళూ ఏటయిందే నీకు?"

ఒట్టి కబుర్లకి ఎవరూ డబ్బులివ్వరు, ఒట్టి బేరానికి ఎవరూ ఆగి వినరు. ఈ రెండూ కలపడానికి మా మొగుడూ పెళ్ళాలకి ఎండాకాలంలో సగం పట్టింది. ఆ రాత్రి మా అత్త నెత్తళ్ళ పులుసు పెట్టింది. చాలా రోజుల తరవాత ముగ్గురం కడుపునిండా తిన్నాం.

కొండ దిగువనున్న ఎస్.కోట నుంచి గింజలు వేయించే డ్రమ్మూ, పొడికొట్టే మిషనూ అద్దెకి తెచ్చాం. అది మాటిమాటికీ దొరకదు. అందుకని ఉన్న గింజలన్నీ ఒక్కసారే వేయించి పొడి కొట్టించేశాం. వీధి వీధంతా కాఫీ వాసన. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. ముందు గదిలో జనం తిరుగుతారు, దుమ్ము పడుతుందని పొడి సంచులు వెనక గదిలోకి చేర్చాం. మా అత్త ఆ గది ఊడ్చి, పసుపునీళ్ళు జల్లి, చేపల బస్తాలు ఒక గోడకి జరిపి, కాఫీకి రెండో గోడ ఇచ్చింది. దండం కూడా పెట్టుకుంది.

రోజూ కూర్చుని కవర్లలోకి తూచి, అట్టపెట్టెల్లో సర్ది, సగం పార్సిళ్ళు వి.పి.పి.లో పంపాం. వి.పి.పి. అంటే పోస్టుమాన్‌కి డబ్బు కట్టాకే పార్సిలు చేతికిస్తారు. ఆ డబ్బు మనియార్డరుగా మాకొస్తుంది. మిగతా సగం కట్టి సిద్ధంగా పెట్టాం. అవీ వెళ్ళిపోతే అడ్వాన్సుకి సరిపోతుంది. ఓనరుకి కబురు కూడా చేశాడు మా ఆయన, అగ్రిమెంటు కాగితాలు తెచ్చుకోమని.

ఆ గురువారం పద్మనాభం గారి మెయిలొచ్చింది. ఎప్పుడూ పేజీన్నర రాసే మనిషి నాలుగు ముక్కలు రాశారు.

'అమ్మా, ఏమీ అనుకోకు. పొడిలో ఎండు చేపల వాసన వస్తోంది. మా ఆవిడ ఫిల్టరు కూడా బయట పడేసింది. నువ్వు చెప్పినట్టే చన్నీళ్ళలో వేసి చూశాను. చికోరీ లేదు.'

మా ఆయన నా భుజం మీంచి చదివి గబగబా వెనక గదిలోకెళ్ళి ఒక కవరు చింపి తెచ్చాడు. ఆయన చూశాడు. నేను చూశాను. గుండెల్నిండా పీల్చి చూశాం. కాఫీ. కమ్మటి కాఫీ వాసన తప్ప ఏమీ లేదు.

"ముసలాయనకి జలుబై ఉంటుంది" అన్నాడు మా ఆయన.

"ఏటి రాసినాడే?" అంది మా అత్త. ఇంగ్లీషులో ఉండబట్టి నేను బతికిపోయాను.

"పొడి ఏదో వాసనొస్తోందట అత్తా."

"ఏటి వాసనంట?"

ఇంతలో మంగ్లు వచ్చాడు. మర్నాటి సంత కోసం ముందురోజే కొండ దిగి మా అరుగు మీద పడుకోవడం అతనికి అలవాటు. కవరు అతని చేతికిచ్చి చూడమన్నాను. ముక్కు దాకా కూడా తీసుకెళ్ళలేదు.

"సేపల వాసన కద అక్కా" అన్నాడు.

"సరిగ్గా చూడు."

"సేపలే. మీ కొట్లో అడుగెడితే ఇదే వాసన."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

మంగ్లు నా వైపు వింతగా చూశాడు. "మీకు తెలుసనుకున్నాను."

మా అత్త అతని చేతిలోంచి కవరు తీసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. ఆవిడకీ తెలియలేదని మొహం చూస్తేనే అర్థమైంది. కవరు మడిచి అక్కడ పెట్టి చేపల బస్తాల కేసి చూసింది. ఆ గదిలో పొడి పెట్టొచ్చా అన్న ఆలోచనే మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. వాసనుందని తెలిస్తే కదా.

మంగ్లు టీ తాగడానికి వెళ్ళాక మా ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు. బయట గాలికొండ మీద నల్లటి మబ్బు దిగుతోంది.

"రేపు పోస్టాఫీసు తియ్యగానే మిగతావి పడేద్దాం. ఆళ్ళు డబ్బు కట్టాకే కదా విప్పేది. ఆళ్ళకి వాసన తెలిసేసరికి కొట్టు మనది. వచ్చే ఏడు మంచి పొడి ఊరికే పంపుదాం అందరికీ. ఒట్టు. ఊరికే పంపుదాం."

తప్పని ఆయనకీ తెలుసు. నన్ను బతిమాలుతున్నట్టు చూశాడు. నాకు ఆ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ కాఫీ ఒక పక్క, మా నెత్తి మీద కప్పు ఒక పక్క. సరే అని నోరు తెరిచాను.

మా అత్త లేచి వెళ్ళి పార్సిళ్ళ ముందు కూర్చుంది. కాళ్ళు చాపుకుని, ఇంక లేవను అన్నట్టు.

"ఇయ్యి ఎల్లవు" అంది.

"అమ్మా, నీకు తెలీదు."

"నాకేటి తెలీదురా? సంతలో ఇన్నేళ్ళు సేపలమ్మినాను. పుచ్చినవి పుచ్చినయ్యని సెప్పే అమ్మినాను. సేపల్ని సేపలనే అమ్మినాను. కాపీ అని అమ్మనేదు."

"కొట్టు పోద్దమ్మా."

"పోద్ది."

అంతే అంది. తరవాత మా ఆయన నా వైపు తిరిగాడు.

"సరే, రాయి. కానీ అమ్మ చేపలని రాయొద్దు. గోడలు చెమ్మగిల్లాయని రాయి, ఇంకేదైనా రాయి. అంతమంది ముందు మా అమ్మని..."

"రాయే గుంటా" అంది మా అత్త. "ఆ గదిలో ఎట్టించింది నానే కదా. నా సేపలే అని రాయి. బేగి రాయి, మళ్ళా కరెంటు పోద్ది."

రాశాను. కాఫీ పొడి పక్కన ఏది పెడితే దాని వాసన లాగేసుకుంటుందని, ఎండు చేపలే కాదు, ఇంగువైనా, సబ్బులైనా అంతేనని, మీ వంటింట్లోనూ చూసుకోండని. మా అత్త చేపల గదిలోనే పొడి పెట్టామని. రోజూ ఆ వాసనలోనే బతకడం వల్ల మాకు తెలియలేదని. మిగతా పార్సిళ్ళు పంపడం లేదని, కట్టినవాళ్ళ డబ్బు వెనక్కి పంపుతామని. కొనమన్న ముక్క ఆ మెయిల్లో లేదు. అమ్మడానికి ఏమీ లేదు కదా.

నేను పంపిన అన్నిటిలోకీ ఎక్కువ జవాబులు దానికే వచ్చాయి. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదన్నారు. ఆఫీసులో అందరికీ పంపామన్నారు. ఒకాయన కాలేజీలో వ్యాపార పాఠాలు చెబుతాడట, క్లాసులో చదివి వినిపిస్తానన్నాడు. థాంక్స్, థాంక్స్, థాంక్స్. చదువుతుంటే కంప్యూటరు ఎత్తి రోడ్డు మీద పడెయ్యాలనిపించింది. పద్మనాభం గారు 'మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు' అని రాశారు.

చెప్పాను.

"ఆయనేనా, వాసన కనిపెట్టినాయన?" అంది మా అత్త. ఔనన్నాను.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. హోటలు వాళ్ళ మనుషులు మేం సామాను కడుతుండగానే వచ్చేశారు. వెనక గది గుమ్మంలో ఆగిపోయి, రుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుని, ఫినాయిలు తెప్పించమని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. పొడి బస్తాలు మంగ్లు తీసుకెళ్ళి మొక్కల మొదళ్ళలో పోశాడు. చేపలు మా అత్త ఆఖరి శుక్రవారం సంతలో వచ్చిన ధరకి ఇచ్చేసింది. భీమిలికి మళ్ళీ కబురు పెట్టలేదు. పెట్టమని మేమూ అనలేదు.

ఎస్.కోటలో మా పిన్నత్త వాళ్ళ వీధిలో ఒక గది దొరికింది. మూటలతో పాసింజరెక్కాం. టూరిస్టులు తిరిగి వెళ్ళే రైలది. ఎదురు సీట్లో విశాఖ వాళ్ళు, భార్యాభర్తలూ చిన్న పిల్లా. రైలు కదిలిన కాసేపటికి ఆ పిల్ల వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పింది. వాళ్ళమ్మ ఊరుకోమని కసిరింది. ఇంకాసేపటికి ముగ్గురూ లేచి, అటు పక్క కిటికీ బాగుందని చెప్పి, వెళ్ళి అక్కడ కూర్చున్నారు.

మా ఆయన తల తిప్పుకున్నాడు. మా అత్త ఖాళీ అయిన సీటు కేసి కాసేపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"నా కాడ వాసనొత్తాదేటే? నిజం సెప్పు."

పొద్దున్నే సబ్బుతో రుద్దుకుని స్నానం చేసింది, ఉతికిన చీర కట్టుకుంది. ఆవిడ భుజం మీద మొహం ఆనించి గట్టిగా పీల్చాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను, వస్తే కనీసం నిజం చెప్పినదాన్నయ్యేదాన్ని. నాకేమీ రాలేదు.

"ఏమీ రావట్లేదు అత్తా" అన్నాను.

ఆవిడ తలూపింది. కొంగు భుజం మీంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని, కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి వదిలింది. సొరంగాల్లో చీకట్లోనూ, బయట జల్లులోనూ, చెయ్యి నొప్పెడుతుందత్తా లోపలికి తియ్యి అని నేనన్నా వినకుండా, ఎస్.కోట వచ్చేదాకా దాన్ని గాలికి అలాగే పట్టుకుని కూర్చుంది.